కొనేది ఒక చేయి, వేసేది వేయి చేతులు

2020 ఆగస్టు 27న యూరోపియన్ కమిషన్ ఆస్ట్రాజెనెకా కంపెనీతో కోవిడ్ టీకాల కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుంది. మరునాడు, ఆగస్టు 28న, బ్రిటన్ ప్రభుత్వం అదే కంపెనీతో అదే టీకా కోసం సంతకం చేసింది. తేదీలను బట్టి చూస్తే యూరప్ ఒక రోజు ముందే ఉంది. అయినా 2021 జనవరి నెలాఖరుకు బ్రిటన్‌లో ముసలివాళ్ళు ఆ టీకా వేయించుకుని ఇళ్ళకు వెళుతుండగా, 27 దేశాల కూటమి మాత్రం తనకు రావలసిన డోసులు ఏవని కంపెనీతో బహిరంగంగా తగవు పడుతూ కూర్చుంది. కంపెనీ అధిపతి పాస్కల్ సోరియో అప్పట్లో చెప్పిన సంజాయిషీ ఏమిటంటే, బ్రిటన్‌తో అసలు అవగాహన మూడు నెలల ముందే, మే నెలలోనే కుదిరిందని, అక్కడి తయారీలో తలెత్తిన చిక్కులను విప్పుకోవడానికి ఆ మూడు నెలలు అక్కరకు వచ్చాయని. కోర్టు వరకు వెళ్ళిన ఆ వివాదంలో తప్పు ఎవరిదన్న సంగతి అలా ఉంచితే, ఆగస్టులో ఒక రోజు ముందు పెట్టిన సంతకం కంటే మే నెలలో తీసుకున్న నిర్ణయమే ఎక్కువ విలువ చేసిందన్నది మాత్రం స్పష్టం.

మహమ్మారి కాలంలో ఏ ప్రభుత్వం ఎలా పని చేసిందో పోల్చేటప్పుడు మనం సాధారణంగా రోజుకు ఎన్ని డోసులు వేశారు, వరసలు ఎంత పొడవున ఉన్నాయి, సర్టిఫికెట్ మీద ఎవరి ఫొటో ఉంది అన్న విషయాల దగ్గరే ఆగిపోతాం. అవన్నీ కంటికి కనిపించేవి. నా ఉద్దేశంలో అసలు తేడాలు అంతకు ఆరు నెలల ముందు, ఆర్డరు పత్రం మీద సంతకం చేసే బల్ల దగ్గరే తేలిపోయాయి. టీకాను ఎవరు కొనాలి, ఎవరి డబ్బుతో కొనాలి, అది పని చేస్తుందో లేదో తెలియకముందే కొనే సాహసం ఎవరు చేయాలి అన్న మూడు ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పుకున్న దేశాలకు మిగిలిన పొరపాట్లను దిద్దుకునే వ్యవధి దొరికింది. చెప్పుకోని దేశాలకు ఎంత మంది నర్సులున్నా, ఎన్ని శీతల గిడ్డంగులున్నా ఆ వ్యవధి దొరకలేదు. ఈ రెండో రకానికి మన దేశమే పెద్ద ఉదాహరణ.

బ్రిటన్ గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే అదే ప్రభుత్వం మిగతా విషయాల్లో ఘోరంగా తప్పటడుగులు వేసింది. లాక్‌డౌన్ ఆలస్యంగా విధించింది, వృద్ధాశ్రమాలను గాలికి వదిలేసింది, పరీక్షలకూ సంబంధీకుల గుర్తింపునకూ వేల కోట్ల పౌండ్లు కేటాయించి ఆశించిన ఫలితం రాబట్టలేకపోయింది. 2021 జనవరి చివరికి అక్కడ లక్ష మందికి పైగా చనిపోయారు. అటువంటి ప్రభుత్వమే 2020 వసంతంలో ఒక టీకా టాస్క్‌ఫోర్స్‌ను నియమించి, ఔషధ రంగ పెట్టుబడుల్లో ఆరితేరిన కేట్ బింగమ్ అనే ఆమెను దానికి అధిపతిగా తెచ్చి, ఆమె నేరుగా ప్రధానికే జవాబు చెప్పేలా ఏర్పాటు చేసింది. ఆ బృందం వేరు వేరు పద్ధతుల్లో తయారవుతున్న 7 రకాల టీకాలను ఎంచుకుని, 7 కోట్లు కూడా లేని జనాభా కోసం 35 కోట్లకు పైగా డోసులకు ముందస్తుగా మాట ఇచ్చింది. వాటిలో సగం పనికిరాకుండా పోయినా ఫరవాలేదన్న లెక్కతోనే ఆ పని జరిగింది. 2020 డిసెంబరు 8న కొవెంట్రీ నగరంలో 90 ఏళ్ళ మార్గరెట్ కీనన్ మొదటి డోసు వేయించుకునే నాటికి టీకా దొరుకుతుందా అన్న ప్రశ్నే అక్కడ లేదు. ఎవరికి ముందు, రెండో డోసు ఎప్పుడు అన్నవే మిగిలాయి.

అమెరికా ఇదే పనిని మరింత పెద్ద ఎత్తున చేసింది. 2020 మే 15న ప్రకటించిన ఆపరేషన్ వార్ప్ స్పీడ్ కింద పరీక్షలు జరుగుతుండగానే కర్మాగారాలకు డబ్బు పోసింది. ఫైజర్‌కు 10 కోట్ల డోసులకు 195 కోట్ల డాలర్లు ఇస్తామని జులైలోనే రాసిచ్చింది. కాని కొనడం మీద పెట్టిన శ్రద్ధ వేయడం మీద పెట్టలేదు. టీకాలను రాష్ట్రాల గుమ్మం దాకా చేర్చి, మిగిలింది మీరే చూసుకోండని కేంద్రం చేతులు దులుపుకుంది. రాష్ట్రాలు ఆ పనికి అడిగిన నిధులను అమెరికా కాంగ్రెస్ మంజూరు చేసేసరికి డిసెంబరు చివరి వారం వచ్చింది. ఆ ఏడాది ముగిసేలోగా 2 కోట్ల మందికి వేస్తామన్నవారు చివరికి 30 లక్షల దరిదాపుల్లో ఆగిపోయారు. అయినా సరుకు చేతిలో ఉంది కనుక కొత్త ప్రభుత్వం వచ్చాక స్టేడియాలు, మందుల దుకాణాలు, సైన్యం అన్నిటినీ కదిలించి రెండు మూడు నెలల్లోనే ఆ లోటును పూడ్చుకోగలిగింది. వేయడంలో జరిగిన తప్పును వారాల్లో దిద్దుకోవచ్చు, కొనడంలో జరిగిన తప్పుకు నెలలు పడుతుంది.

ఇజ్రాయెల్ రెండు పనులూ చేసిన చిన్న దేశం. అక్కడ 1995 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ప్రతి నివాసీ నాలుగు ఆరోగ్య నిధుల్లో ఏదో ఒకదానిలో సభ్యుడై ఉండాలి. అందువల్ల ఎవరి వయసెంత, ఎవరికి చక్కెర జబ్బు ఉంది, ఎవరి ఫోన్ నంబరు ఏమిటన్నది ఆ సంస్థల దగ్గర ముందే ఉంది. టీకా వేసిన తరువాత ఫలితాల సమాచారాన్ని పంచుకుంటామన్న షరతు మీద ఫైజర్ నుంచి త్వరగా సరఫరా సంపాదించారు. మైనస్ 70 డిగ్రీల దగ్గర దాచే ఆ టీకా ఒక్కో ట్రేలో దాదాపు వెయ్యి డోసులు వస్తుంది. దాన్ని చిన్న ఊళ్ళకు పంపడం కుదరదని మిగతా దేశాలు తలలు పట్టుకుంటుండగా, వీళ్ళు పిజ్జా పెట్టెలంత చిన్న పెట్టెల్లోకి మార్చి పంపడానికి కంపెనీని ఒప్పించారు. 2021 ఫిబ్రవరి ముగిసేసరికి జనాభాలో దాదాపు సగం మందికి ఒక డోసైనా అందింది. తమ ఆక్రమణలో ఉన్న వెస్ట్ బ్యాంక్, గాజాల్లోని పాలస్తీనియన్లను ఆ లెక్కలో చేర్చుకోకపోవడాన్ని మాత్రం ఏ సామర్థ్యమూ కప్పిపుచ్చలేదు.

ఇక మన సంగతి. టీకా వేయడం భారతదేశానికి కొత్త విద్య కాదు. సార్వత్రిక వ్యాధినిరోధక టీకాల కార్యక్రమం 1985 నుంచి నడుస్తోంది. పల్స్ పోలియో ఆదివారాల్లో బస్టాండుల్లోనూ రైల్వే ప్లాట్‌ఫారాల మీదా చుక్కలు వేసి, 2011 జనవరి తరువాత సహజ వైరస్ వల్ల ఒక్క పోలియో కేసు కూడా రాకుండా చేసిన దేశం ఇది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య టీకాను కాపాడుకుంటూ గన్నవరం, కోఠి వంటి రాష్ట్ర స్థాయి నిల్వ కేంద్రాల నుంచి జిల్లాకు, అక్కడి నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ఐఎల్ఆర్ అనే శీతల పెట్టెకు, మళ్ళీ అక్కడి నుంచి ఐస్ ప్యాక్‌లు సర్దిన క్యారియర్‌లో సబ్ సెంటరుకు చేర్చడం పల్లెల్లో పని చేసే మన ఏఎన్ఎం నర్సులకు వెన్నతో పెట్టిన విద్య. పైగా ప్రపంచంలో ఎక్కువ టీకాలు తయారయ్యేది మన దగ్గరే. పుణెలో సీరం ఇన్‌స్టిట్యూట్, హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్, అదే నగరంలో బయొలాజికల్ ఇ. ఇన్ని అనుకూలతలున్న దేశం కార్యక్రమం ప్రారంభించడానికి అయిదు రోజుల ముందు, 2021 జనవరి 11 ప్రాంతంలో, మొదటి ఆర్డరు పెట్టింది. ఆ ఆర్డరు 1 కోటి 10 లక్షల కోవిషీల్డ్ (ఆస్ట్రాజెనెకా టీకాకే సీరం పెట్టిన పేరు) డోసులకు, 55 లక్షల కోవాగ్జిన్ (భారత్ బయోటెక్ టీకా) డోసులకు. వంద కోట్లకు మించిన జనాభాలో పెద్దవాళ్ళు ఒక్కొక్కరికి రెండు డోసులు కావాలి. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆర్డరు రాసినవారు దీన్ని మహమ్మారి అనుకున్నారా, ప్రభుత్వాసుపత్రికి నెలవారీ మందుల ఇండెంటు అనుకున్నారా అన్న అనుమానం రాక మానదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ మొదటి రెండు నెలల్లో మన దగ్గర కొరత లేదు, సంకోచం ఉంది. జనవరి 3న అనుమతి పొందిన కోవాగ్జిన్‌కు అప్పటికి మూడో దశ ఫలితాలు రాలేదు. దాన్ని క్లినికల్ ట్రయల్ పద్ధతిలో వాడాలన్న షరతు పెట్టడంతో, వేయించుకునేవారి చేత అంగీకార పత్రం రాయించుకోవలసి వచ్చింది. ఆరోగ్య సిబ్బందే కొందరు వెనకాడారు. మా పిన్ని ప్రకాశం జిల్లాలో ఏఎన్ఎంగా పని చేసేది. ఆ మార్చి నెలలో ఆమె ముఖ్యమైన బాధ ఏమిటో బయటివాళ్ళకు తట్టదు. కోవిషీల్డ్ వయల్‌లో, అంటే మందు సీసాలో, పది డోసులుంటాయి. మూత తెరిచిన నాలుగు గంటల్లో ఆ పదీ అయిపోవాలి, లేకపోతే మిగిలింది పారేయాలి. సబ్ సెంటరుకు ఉదయం నుంచి ఆరుగురు వచ్చి కూర్చుంటే ఏం చేయాలి? "తెరిస్తే నాలుగు డోసులు ఏమయ్యాయని పైవాళ్ళు అడుగుతారు, తెరవకుండా పొమ్మంటే మీ పెదనాన్న లాంటివాళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కర్రా" అనేది. ఆశా కార్యకర్తను వీధిలోకి పంపి, రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్ళలో వయసు సరిపోయినవారిని బతిమాలి తెప్పించేది.

ఈ చిన్న సంగతి జాతీయ స్థాయిలో ఒక అంకెగా మారి పత్రికల్లోకి ఎక్కింది. 2021 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించిన వివరాల ప్రకారం దేశం మొత్తం మీద టీకా వృథా 6.5 శాతం ఉండగా, తెలంగాణలో 17.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 11.6 శాతం ఉంది. రెండు రాష్ట్రాలకూ అది తలవంపుగానే కనిపించింది. మే మొదటి వారానికి కేరళ తనకు అందిన 73,38,806 డోసులతో 74,26,164 డోసులు వేయగలిగింది. ఇందులో గారడీ ఏమీ లేదు. ప్రతి వయల్‌లోనూ లెక్కకు మించి కొంచెం మందు పోసే ఉంటుంది. 0.5 మిల్లీలీటర్లు మాత్రమే లాగి ఆగిపోయే ఏడీ సిరంజితో, చేతి వణుకు లేకుండా, బుడగలు రానివ్వకుండా లాగగలిగిన నర్సు అడుగున మిగిలినదానిలోంచి పదకొండో డోసు తీస్తుంది. కేరళ నర్సుల నైపుణ్యాన్ని తక్కువ చేయను. కాని పదకొండో డోసు వేయాలంటే పదకొండో మనిషి రావాలి. అక్కడ జనం వచ్చారు, మన దగ్గర మార్చి నాటికి రాలేదు. వృథా శాతాన్ని సిబ్బంది అజాగ్రత్తగా చూపించిన పత్రికా వార్తలు ఈ సంగతిని వదిలేశాయి.

ఇక ఏప్రిల్ వచ్చింది. ఆక్సిజన్ కోసం, రెమ్‌డెసివిర్ కోసం జనం రోడ్ల మీద పరుగులు తీసిన ఆ నెలలోనే టీకా అక్కరలేదన్నవారందరూ ఒక్కసారిగా కేంద్రాల ముందుకు వచ్చారు. అప్పటికి దాదాపు 6 కోట్లకు పైగా డోసులు వ్యాక్సిన్ మైత్రి పేరుతో కానుకలుగా, వాణిజ్య ఒప్పందాల కింద, దేశాలన్నిటికీ టీకాలు అందించేందుకు పెట్టిన అంతర్జాతీయ పథకం కోవాక్స్ కింద విదేశాలకు వెళ్ళాయి. ఆ ఎగుమతిని నేను తప్పు పట్టను. ఎగుమతికీ ఇంటి అవసరానికీ కలిపి సరిపడేంత ఉత్పత్తి కోసం ముందు ఏడాదే కర్మాగారాల మీద డబ్బు పెట్టకపోవడమే తప్పు. సీరం సంస్థకు 3,000 కోట్లు, భారత్ బయోటెక్‌కు 1,500 కోట్లు అడ్వాన్సుగా కేంద్రం మంజూరు చేసింది 2021 ఏప్రిల్ మూడో వారంలో. బడ్జెట్‌లో టీకాల కోసం 35,000 కోట్లు ఫిబ్రవరి 1 నుంచే ఉన్నాయి.

డోసులు లేని ఆ సమయంలో కేంద్రం చేసిన పని, వాటిని కొనే బాధ్యతను ముక్కలు చేయడం. మే 1 నుంచి 18 ఏళ్ళు నిండిన అందరూ అర్హులే అంది, కాని 45 ఏళ్ళు దాటినవారికి మాత్రమే తాను ఇస్తానంది. ఉత్పత్తిలో సగం కేంద్రానికి, నాలుగో వంతు రాష్ట్రాలకు, నాలుగో వంతు ప్రైవేటు ఆసుపత్రులకు. ఒకే కర్మాగారంలో ఒకే యంత్రం మీద నిండిన ఒకే వయల్‌కు మూడు ధరలు పుట్టుకొచ్చాయి. కోవిషీల్డ్ కేంద్రానికి 150 రూపాయలు, రాష్ట్రాలకు మొదట 400, విమర్శల తరువాత 300, ప్రైవేటుకు 600. కోవాగ్జిన్ రాష్ట్రాలకు 600 నుంచి 400కు దిగింది, ప్రైవేటుకు 1,200 దగ్గరే నిలిచింది. బేరమాడే శక్తి ఎక్కువ ఉన్న కొనుగోలుదారుకు తక్కువ ధర, తక్కువ ఉన్నవాడికి ఎక్కువ ధర పడటం సంత నియమం. దేశం మొత్తానికి ఒకటే కొనుగోలుదారు ఉండే వీలుండగా, ఆ వీలును చేజేతులా వదులుకోవడమే విడ్డూరం.

మే 1 నుంచి జూన్ 20 దాకా ఆ 51 రోజులు ఎలా గడిచాయో తెలుగువారికి వేరే చెప్పనవసరం లేదు. 18 నుంచి 44 ఏళ్ళవారికి టీకా నమోదు వెబ్‌సైట్ కోవిన్‌లో స్లాటు తప్పనిసరి. సాయంత్రం స్లాట్లు తెరుచుకున్న నిమిషంలోపే నిండిపోయేవి. వేగంగా టైపు చేయగలిగినవాడికి, టెలిగ్రామ్‌లో హెచ్చరికలు పంపే గ్రూపుల్లో ఉన్నవాడికి ముందు టీకా దొరికింది. నగరాల్లో దొరకనివారు కార్లు వేసుకుని పల్లె ఆరోగ్య కేంద్రాలకు వెళ్ళి వేయించుకుని వస్తే, మా ఊరి మందు మాకు లేకుండా చేస్తారా అని ఆ ఊళ్ళవాళ్ళు తగవు పెట్టుకున్న ఘటనలు దేశంలో పలుచోట్ల జరిగాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ మే 1న యువతకు ప్రారంభించనే లేకపోయాయి. ఉన్న కాసిని డోసులను రెండో డోసు కోసం ఎదురుచూస్తున్నవారికే కేటాయించుకోవలసి వచ్చింది. మే 13న కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని 12-16 వారాలకు పెంచారు. బ్రిటన్ కూడా డిసెంబరు చివర్లో 12 వారాలకు పెంచింది కనుక శాస్త్రపరంగా దానికి ఆధారం ఉంది. అయితే బ్రిటన్ ఎక్కువ మందికి మొదటి డోసు త్వరగా ఇవ్వడానికి పెంచుతున్నామని ముందే చెప్పి పెంచింది. మన దగ్గర స్టాకు లేని రోజుల్లో ప్రకటించడం వల్ల, కొరతను కప్పడానికే శాస్త్రాన్ని అడ్డం పెట్టుకున్నారని జనం అనుకున్నారు.

రాష్ట్రాలు ప్రపంచ మార్కెట్ తలుపు తట్టాయి. ఆంధ్రప్రదేశ్ కోటి డోసులకు గ్లోబల్ టెండరు పిలిచింది, తెలంగాణ కూడా కోటికి పిలిచింది. గడువు తీరేసరికి రెండిటికీ ఒక్క బిడ్డు రాలేదు. పంజాబ్ అడిగితే మోడెర్నా, ఢిల్లీ అడిగితే ఫైజర్, కేంద్ర ప్రభుత్వాలతో తప్ప తాము వ్యవహరించబోమని చెప్పేశాయి. దీనిలో ఆశ్చర్యపోవలసింది లేదు. దుష్ఫలితాలు వస్తే పరిహారం ఎవరు కట్టాలి, అనుమతి ఎవరు ఇస్తారు అన్న విషయాల్లో రాష్ట్రాలకు అధికారమే లేనప్పుడు వాటితో ఏ కంపెనీ ఒప్పందం చేసుకుంటుంది? ఏడాది ముందే మిగతా దేశాలు బుక్ చేసుకున్న సరుకు కోసం ఒకే దేశంలోని రాష్ట్రాలు ఒకదానితో ఒకటి పోటీ పడటం చూసి కంపెనీలు ఏమనుకుని ఉంటాయో! రష్యా టీకా స్పుత్నిక్‌ను డాక్టర్ రెడ్డీస్ తెప్పించి మే 14న హైదరాబాద్‌లో తొలి డోసు వేయించింది గాని, అప్పటికి వచ్చిన సరుకు చాలా కొంచెం. కేరళ ముఖ్యమంత్రి ఇతర రాష్ట్రాలకు లేఖలు రాశారు. కొద్ది రోజులకే జూన్ 3న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ కూడా కేంద్రమే కొనాలని ఒక్క మాట మీద అడుగుదామని తోటి ముఖ్యమంత్రులకు రాశారు. అంతకు ముందే, మే 31న, న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎల్. నాగేశ్వరరావు, ఎస్. రవీంద్ర భట్‌లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ విధానం మీద విచారణ జరిపి, 18 నుంచి 44 ఏళ్ళవారి చేత డబ్బు కట్టించుకోవడం పైకి చూస్తే ఏకపక్షంగా, హేతువిరుద్ధంగా ఉందని తన ఉత్తర్వులో రాసింది. జూన్ 7న ప్రధాని టీవీలో మాట్లాడి, జూన్ 21 నుంచి 75 శాతం కేంద్రమే కొని రాష్ట్రాలకు ఉచితంగా ఇస్తుందని ప్రకటించారు. ఏప్రిల్‌లో దాదాపు 9 కోట్ల డోసులు వేసిన దేశం మే నెలలో 6 కోట్ల పైచిలుకుకు పడిపోయి, జూన్‌లో 12 కోట్లకు దగ్గరగా వచ్చింది. ఉత్పత్తి పెరగడమూ దీనికి ఒక కారణమే. కాని మే నెలలో ఎవరి డోసులు ఎవరివో తేలక పోయిన సమయాన్ని ఏ ఉత్పత్తి లెక్కా చూపించదు.

కొనుగోలు మళ్ళీ ఒక చేతికి వస్తున్న వేళ, వేసే చేతులు ఎంత బలమైనవో కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో జూన్ 20న ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేశారు. గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది, వాలంటీర్లు, ఇంటింటి జాబితాలు లేకపోతే అది జరిగేది కాదు. అయిదేళ్ళ లోపు పిల్లలున్న తల్లులకు ముందు వేయాలన్న ఆ రాష్ట్ర నిర్ణయం కూడా ఇటువంటి జాబితా ఉంది కనుకనే అమలు చేయడానికి వీలైంది. తెలంగాణ మే చివరి వారం నుంచి సూపర్ స్ప్రెడర్లు అనే పేరు పెట్టి గ్యాస్ డెలివరీ చేసేవారికి, రేషన్ డీలర్లకు, ఎరువుల దుకాణదారులకు, తరువాత ఆటో, క్యాబ్ డ్రైవర్లకు ప్రత్యేక శిబిరాలు నడిపింది. పేరు అసహ్యంగా ఉందిగాని ఆలోచన మంచిది. రోజుకు వందమందిని కలిసేవాడిని ముందు కాపాడితే ఆ వందమందికీ కొంత రక్షణ దొరుకుతుంది. రికార్డు రోజుల మీద మాత్రం నాకు గౌరవం లేదు. ఒక రోజు పెద్ద అంకె కోసం ముందు రోజుల్లో డోసులు మిగిల్చి పెట్టుకోవడం, మరునాడు కేంద్రాలు వెలవెలబోవడం మామూలైంది. సెప్టెంబరు 17న ప్రధాని పుట్టినరోజు నాడు దేశంలో రెండున్నర కోట్ల డోసులు వేసి సంబరం చేసుకున్నప్పుడూ ఇదే తంతు.

ఎవరికి ముందు అన్న ప్రశ్న దగ్గర దేశాలు మరీ విడిపోయాయి. బ్రిటన్ ప్రధానంగా వయసునే కొలబద్దగా పెట్టుకుంది. పుట్టిన తేదీ ఒక్కటుంటే చాలు, వివాదం లేదు. మనం మార్చి 1న 60 దాటినవారికీ, 45 నుంచి 59 మధ్య ఉండి 20 జబ్బుల జాబితాలో ఏదో ఒకటి ఉన్నవారికీ ప్రారంభించాం. ఆ జబ్బుకు డాక్టరు సంతకంతో ధ్రువపత్రం అడిగాం. మధుమేహం ఉందని ఎన్నడూ పరీక్ష చేయించుకోని కూలీ మనిషికి ఆ పత్రం ఎవరిస్తారు? నెల తిరగ్గానే ఆ షరతు తీసేసి 45 దాటిన అందరికీ తెరవడం మంచి పనే. ఇండోనేషియా తలకిందులుగా, 18 నుంచి 59 ఏళ్ళ శ్రామిక వయసువారికి మొదట వేసింది. చైనా టీకా పరీక్షల్లో వృద్ధుల వివరాలు చాలకపోవడం దానికి ఒక కారణం. హాంకాంగ్‌లో టీకాలకు కొరతే లేదు. రెండు రకాలు, కావలసినన్ని, ఉచితం. కాని దుష్ఫలితాల వార్తలతో, దీర్ఘకాలిక జబ్బులున్నవారు ఆగడమే మంచిదన్న సలహాలతో వృద్ధులు దూరంగా ఉండిపోయారు, ప్రభుత్వం వాళ్ళను ఇళ్ళకు వెళ్ళి ఒప్పించలేదు. 2022 ఆరంభంలో ఒమిక్రాన్ వచ్చినప్పుడు కొద్ది వారాల్లో వేల మంది, ఎక్కువగా టీకా వేయించుకోని ముసలివాళ్ళు, చనిపోయారు. డోసులుంటే చాలు అనుకునేవారికి, నాతో సహా, ఇది ఇబ్బంది పెట్టే ఉదాహరణ.

రోగాన్ని బాగా కట్టడి చేసిన దేశాలు టీకాలో తాత్సారం చేయడం మరొక వింత. ఆస్ట్రేలియా ప్రధాని మోరిసన్ ఇదేమీ పరుగు పందెం కాదన్నారు, జపాన్ తన గడ్డ మీద అదనపు పరీక్షలు జరగాలని పట్టుబట్టి ఫిబ్రవరి దాకా మొదలుపెట్టలేదు. రెండూ తరువాత పుంజుకున్నాయి.

మన ఆర్డరు పుస్తకం మీద మన ప్రాణాలే ఆధారపడి లేవనడానికి భూటాన్ చాలు. 8 లక్షల లోపు జనాభా ఉన్న ఆ దేశానికి భారత్ 5 లక్షల 50 వేల కోవిషీల్డ్ డోసులు కానుకగా పంపింది. బౌద్ధ గురువులు శుభ ముహూర్తం చెప్పేదాకా ఆగి, 2021 మార్చి 27న, కోతి సంవత్సరంలో పుట్టిన 30 ఏళ్ళ స్త్రీకి మొదటి డోసు వేయించి, మూడు వారాలు నిండకముందే అర్హులైన పెద్దవారిలో 90 శాతం మందికి పైగా పూర్తి చేశారు. ముహూర్తం కోసం ఆగారని నవ్వినవాళ్ళను చూశాను. జనానికి నమ్మకం కలిగించేది ఏదో తెలిసిన ప్రభుత్వం చేసిన పని అది. అయితే రెండో డోసు నాటికి భారత్ ఎగుమతులు ఆపేసింది. అమెరికా పంపిన 5 లక్షల మోడెర్నా డోసులు, యూరప్ దేశాలు ఇచ్చిన ఆస్ట్రాజెనెకా డోసులు చేరేసరికి జులై వచ్చింది. ఆ చిన్న దేశం వేరే తలుపులు తట్టి నెట్టుకు రాగలిగింది. సీరం డోసుల మీదే ఆశ పెట్టుకున్న ఆఫ్రికా దేశాలు చాలా నెలలు వట్టి చేతులతో ఉండిపోయాయి.

సూది దిగాక కూడా ప్రభుత్వం పని మిగిలే ఉంటుందని మన విద్యార్థులకు, గల్ఫ్ కార్మికులకు బాగా తెలుసు. కోవాగ్జిన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర గుర్తింపు వచ్చింది 2021 నవంబరు 3న. అంటే ఆ ఏడాది ఆగస్టులో అమెరికా విశ్వవిద్యాలయాలకు బయలుదేరిన తెలుగు పిల్లల్లో, మన ఊరి టీకా అని నమ్మకంతో దాన్ని వేయించుకున్నవారిని అక్కడ మళ్ళీ వేరే టీకా వేయించుకోమన్నారు. విదేశాలకు చదువుకో పనికో వెళ్ళేవారికి కోవిషీల్డ్ రెండో డోసును 28 రోజులకే ఇవ్వవచ్చని, సర్టిఫికెట్‌కు పాస్‌పోర్టు నంబరు జోడించవచ్చని కేంద్రం జూన్‌లో నిబంధన తేవడం కొంత ఊరట. బ్రిటన్ తాను కనిపెట్టిన టీకానే పుణెలో తయారైందన్న కారణంతో, ఆపై కోవిన్ సర్టిఫికెట్ చెల్లదన్న కారణంతో సెప్టెంబరులో పేచీ పెట్టింది. మనం అక్టోబరు 1న అదే రకం ఆంక్షలతో బదులిచ్చాక పది రోజుల్లో దారికి వచ్చింది.

2021 జూన్ 3న కేంద్రం హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ సంస్థకు, పరీక్షలు ఇంకా పూర్తికాని టీకా కోసం 30 కోట్ల డోసులు ముందే కేటాయించుకుని 1,500 కోట్లు అడ్వాన్సు ఇస్తామని ప్రకటించింది. వార్ప్ స్పీడ్ తరహాలో చేసిన పెద్ద సాహసం అది, ఏడాది ఆలస్యంగానైనా. కోర్బెవాక్స్ పేరుతో ఆ టీకాకు డిసెంబరు చివర్లో అనుమతి వచ్చింది, 2022 మార్చి 16 నుంచి 12-14 ఏళ్ళ పిల్లలకు వేశారు. అప్పటికి పెద్దవారిలో అత్యధికులకు రెండు డోసులూ అయిపోయాయి. ఇంత జరిగాక బూస్టరు విషయంలోనైనా పాత దారి తొక్కరనుకుంటాం. 2022 ఏప్రిల్ 10న 18 నుంచి 59 ఏళ్ళవారికి ప్రికాషన్ డోసు తెరిచారు, కాని ప్రైవేటు కేంద్రాల్లోనే, డబ్బు కట్టి. దానికి ఒక రోజు ముందు రెండు కంపెనీలూ ధరను 225 రూపాయలకు తగ్గించాయి. అయినా జనం వెళ్ళలేదు. జులై 15 నుంచి 75 రోజుల పాటు ఉచితమన్నాక మళ్ళీ సబ్ సెంటర్ల ముందు మనుషులు కనిపించారు, 75 రోజులు కాగానే మళ్ళీ రుసుము వచ్చింది. ఆ అక్టోబరులో సీరం అధిపతి అదార్ పూనావాలా చెప్పిన ప్రకారం, ఆ సంస్థ 2021 డిసెంబరులోనే కోవిషీల్డ్ తయారీ ఆపేసింది, నిల్వ ఉన్నవాటిలో దాదాపు 10 కోట్ల డోసులకు గడువు తీరిపోయింది.